వాట్సాప్‌లో వచ్చిన చిన్న ఫొటోని చెక్క మీద, నల్లరాయి మీద లేజర్‌తో చెక్కడం ఎలా

ఫొటో పంపేసి "కొంచెం క్లియర్ చేసి చెక్కెయ్యండి" అని ఒక్క మాట రాసి వదిలేస్తారండి మన కస్టమర్లు. తెరిచి చూస్తే ఎవరి పెళ్ళిలోనో తీసిన గ్రూపు ఫొటో, దాన్ని ఇంకెవరో స్క్రీన్‌షాట్ తీశారు, అది నాలుగు ఫ్యామిలీ గ్రూపులు తిరిగి మన దాకా వచ్చింది, అందులో వెనక వరసలో మూడో ఆవిడ ముఖం గోరంత. దాన్ని 8 బై 10 అంగుళాల గ్రానైట్ మీద ఎక్కించాలి, పెద్దకార్యం ఎల్లుండే. కోనసీమలో లేజర్ షాపు పెట్టుకున్న ఎవరికైనా ఇది రోజూ ఉండేదే. రాళ్ళు పాడుచేసుకుని, చెక్కలు తగలేసుకుని నేను నేర్చుకున్నది వరసగా చెప్తాను, మీకు షాపు ఉన్నా, ఇంట్లో చిన్న డయోడ్ లేజర్ మిషన్ ఒకటే ఉన్నా పనికొస్తది.

ముందు ఫోన్ ఎత్తి మాట్లాడండి

కంప్యూటర్ ఆన్ చెయ్యకముందే ఈ పని అవ్వాలి. "ఈ ఫొటో మొదట ఎవరు తీశారండి, ఎవరి ఫోన్లో ఉంది?" అని అడగండి. మామూలుగా పంపిన ఫొటోని వాట్సాప్ పొడుగు వైపు సుమారు 1600 పిక్సెల్స్‌కి కుదించేస్తది, పైగా నొక్కి సైజు తగ్గిస్తది. స్క్రీన్‌షాట్ అయితే అది స్క్రీన్ ఎంత ఉందో అంతే, పైన టైము, బ్యాటరీ గుర్తు కూడా కలిపి. డీపీ నుంచి తీసింది ఇంకా చిన్నది. అసలు ఫోన్లో ఉన్న ఫైల్ దీనికి రెండు మూడు రెట్లు ఉంటది, అది దొరికితే మీ పని సగం అయిపోయినట్టే. అది కువైట్‌లో ఉన్న కొడుకు ఫోన్లోనో, మస్కట్‌లో ఉన్న మేనకోడలి దగ్గరో ఉంటది మన వైపు ఎక్కువగా, ఒక్క వాయిస్ మెసేజ్ పెడితే పంపిస్తారు. పంపేటప్పుడు ఫొటోలాగా కాకుండా అటాచ్ గుర్తు నొక్కి డాక్యుమెంట్‌లాగా పంపమనండి, అప్పుడు కుదింపు ఉండదు. అది వాళ్ళకి రాకపోతే కనీసం హెచ్‌డీ నొక్కి పంపమనండి.

పెళ్ళి ఫొటో అయితే తీసిన స్టూడియోని అడగండి. ఫైల్ లేదన్నా ఆల్బమ్ ఉంటది కదా, ఆల్బమే తెమ్మనండి. కస్టమర్ ఆల్బమ్‌ని ఫోన్‌తో ఫొటో తీసి పంపుతానంటే వద్దనండి, ట్యూబ్‌లైట్ కింద నించుని వంకరగా తీస్తారు, ల్యామినేషన్ మీద లైటు సరిగ్గా ముఖం మీదే మెరుస్తది.

కాగితం ఫొటో చేతికొస్తే

స్కానర్ ఉంటే 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చెయ్యండి, ఫొటో చిన్నదైతే 1200. లెక్క చూడండి: 35 బై 45 మిల్లీమీటర్ల పాస్‌పోర్టు ఫొటోని 600లో స్కాన్ చేస్తే సుమారు 827 బై 1063 పిక్సెల్స్ వస్తాయి. వాట్సాప్ గ్రూపు ఫొటోలో ముఖం కంటే ఇదే చాలా నయం. అందుకే బీరువాలో పాత బ్యాంకు పుస్తకం మధ్యలో ఏదైనా పాస్‌పోర్టు సైజు ఫొటో ఉందేమో చూడమని నేను అందర్నీ అడుగుతాను, చాలాసార్లు దొరుకుద్ది కూడా.

మన దగ్గర ఇంకో బాధ ఉంది, తేమ. 1986 గోదావరి వరదలూ, 1996 నవంబరు తుఫానూ చూసిన ఇళ్ళలో పాత ఫొటోలు ఫ్రేము అద్దానికి అతుక్కుపోయి ఉంటాయి. వాటిని పీకకండి, దయచేసి. పీకితే ఎమల్షన్, అంటే బొమ్మ ఉన్న పైపొర, అద్దానికే ఉండిపోద్ది, కాగితం తెల్లగా వచ్చేస్తది, ఆ మనిషికి ఉన్న ఒక్క ఫొటో అదే అయ్యుంటది. అద్దంతో సహా స్కానర్ మీద పెట్టెయ్యండి, అద్దం కొంచెం తుడవండి చాలు. స్కానర్‌లో పట్టనంత పెద్ద ఫ్రేమైతే వీధరుగు మీద నీడలో, ఎండ నేరుగా పడని చోట ఆనించి, ఫ్లాష్ ఆపేసి, ఫోన్‌ని ఫ్రేముకి సమానంగా పట్టుకుని, రెండడుగులు వెనక్కి జరిగి 2 ఎక్స్ జూమ్‌లో తియ్యండి. దగ్గరగా పెట్టి తీస్తే అంచులు ఉబ్బుతాయి, ముఖం కూడా ఉబ్బుద్ది. అద్దంలో మీ చొక్కా కనిపిస్తుంటే ముదురు రంగు దుప్పటి కప్పుకుని తియ్యండి, నేను అలాగే తీస్తాను.

పాత స్టూడియో ఫొటోల్లో కొన్నిటికి కాగితం మీద గరుకు డిజైన్ ఉంటది, పట్టు బట్టలాగ. స్కాన్‌లో ఆ గరుకంతా చుక్కలుగా వచ్చి చెక్కినప్పుడు ముఖమంతా అమ్మవారు పోసినట్టు కనపడుద్ది. దీనికి ఒక మంచి పద్ధతి ఉంది. ఒకసారి మామూలుగా స్కాన్ చేసి, ఫొటోని తలకిందులుగా తిప్పి ఇంకోసారి స్కాన్ చెయ్యండి, రెండోదాన్ని కంప్యూటర్‌లో నిటారుగా తిప్పి మొదటిదాని మీద లేయర్‌లా (పైపొరలా) పెట్టి, కిందది సగం కనపడేలా ఒపాసిటీ 50 శాతం చెయ్యండి. స్కానర్ లైటు ఒక పక్కనుంచే పడుద్ది కాబట్టి ఆ గరుకు నీడలు రెండింట్లో ఎదురెదురుగా ఉంటాయి, కలిపితే చాలావరకు కొట్టుకుపోతాయి. కళ్ళు కళ్ళ మీద సరిగ్గా కూర్చునేలా జరపడానికి మాత్రం ఓపిక కావాలి.

ఎన్ని పిక్సెల్స్ కావాలో లెక్కెయ్యండి

"300 డీపీఐ చేసి ఇవ్వండి" అని చాలామంది ఆ నంబరు మార్చేసి అయిపోయిందనుకుంటారు. ఆ నంబరు మారిస్తే ఫొటోలో ఒక్క వెంట్రుక కూడా పెరగదు. మీ మిషన్ గీత గీతకి మధ్య ఎంత దూరం వదులుద్దో అదే అసలు కొలత. 0.1 మిల్లీమీటర్ అయితే అంగుళానికి 254 గీతలు, అంటే 254 డీపీఐ. 8 బై 10 అంగుళాలకి 2032 బై 2540 పిక్సెల్స్ కావాలి, అంతకంటే ఎక్కువిచ్చినా మిషన్ చూపించలేదు. సీఓటూ (కార్బన్ డయాక్సైడ్) లేజర్ మిషన్లలో చుక్క సైజే సుమారు 0.1 నుంచి 0.2 మిల్లీమీటర్ల దాకా ఉంటది, 500 డీపీఐ పెడితే చుక్క మీద చుక్క పడి మాడిపోవడమే.

ఇప్పుడు ముఖం ఒక్కటే కొలవండి, గడ్డం నుంచి జుట్టు దాకా ఎన్ని పిక్సెల్స్ ఉందో. 8 బై 10లో ఛాతీ దాకా ఉన్న ఫొటో అయితే ముఖం నాలుగు అంగుళాలొస్తది, అంటే వెయ్యి గీతలు. మీ దగ్గరున్న ముఖం 250 పిక్సెల్స్ అయితే నాలుగు రెట్లు సాగదియ్యాలి, మెత్తగా ఉంటది గాని మనిషి మనిషిలాగే ఉంటారు. 100 కంటే తక్కువుంటే నేను పెద్ద ప్లేటు ఒప్పుకోను. 4 బై 5 చేద్దామండి అంటాను, ముఖం సగానికి తగ్గుద్ది, పిక్సెల్స్ దగ్గరవుతాయి, కళ్ళు కళ్ళలా కనపడతాయి. మిగిలిన రాయి మీద పేరు, ఊరు, తేదీలు పెద్దగా వేసి చుట్టూ లత అంచు వేస్తే ఎవరికీ లోటు కనపడదు. అన్ని సాఫ్ట్‌వేర్ల కంటే ఈ సైజు తగ్గించడమే నాకు ఎక్కువసార్లు పనికొచ్చింది.

పెంచేముందు కడగండి

జేపీజీ ఫొటోని బాగా నొక్కితే 8 బై 8 పిక్సెల్స్ గళ్ళు గళ్ళుగా విడిపోద్ది, చెంపల మీద జూమ్ చేస్తే పేకముక్కలు పేర్చినట్టు కనపడుద్ది. దాన్ని అలాగే పెంచితే గళ్ళు కూడా పెరుగుతాయి, వాటిని షార్ప్ చేస్తే ఇంకా గట్టిపడతాయి. అందుకని పెంచకముందే గింప్ అనే ఉచిత ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో నాయిస్ రిడక్షన్ తక్కువ బలంతో ఒకసారి కొట్టండి, గళ్ళు కరగాలి, కనురెప్పల గీత మాత్రం మిగలాలి. గీతలు, బూజు మచ్చలు హీల్ బ్రష్‌తో ఒక్కొక్కటీ తియ్యండి. బూజు మచ్చా పుట్టుమచ్చా అనుమానం వస్తే ఇంట్లోవాళ్ళని అడిగి తియ్యండి.

పేపర్లో వచ్చిన ఫొటో అయితే అది మొత్తం ప్రింటింగ్ చుక్కలే. ఎక్కువ డీపీఐలో స్కాన్ చేసి, చుక్కలు కలిసిపోయేదాకా మసకచేసే గాసియన్ బ్లర్ ఇచ్చి, తర్వాత సైజు తగ్గించండి. అది చెయ్యకుండా చెక్కితే ఆ చుక్కలకీ మీ మిషన్ చుక్కలకీ పడక చీర మీద అలల్లాగ చారలొస్తాయి.

ఏఐతో పెంచేటప్పుడు ముఖం జాగ్రత్త

అప్‌స్కేల్ (Upscayl) అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, నెట్ లేకుండా మన కంప్యూటర్‌లోనే పనిచేస్తది, కాస్త మంచి గ్రాఫిక్స్ కార్డు ఉండాలి. చీర అంచులు, కండువా జరీ, కుర్చీ, చెట్లు, ఇలాంటివాటికి అది బ్రహ్మాండంగా ఉంటది. ముఖాల దగ్గరే ప్రమాదం. అది ఉన్నదాన్ని బాగుచెయ్యదు, తనకి తెలిసిన వేల ముఖాల్నించి ఇక్కడ ఏముండచ్చో ఊహించి గీస్తది.

నాకు జరిగింది చెప్తాను. ఒక ముసలావిడ ఫొటో వచ్చింది, ముఖం 80 పిక్సెల్స్ ఉంటుందేమో. ముఖాల్ని బాగుచేసే ఏఐలో వేశాను, క్షణంలో చర్మం నున్నగా, కళ్ళు మెరుస్తూ వచ్చేసింది, నాకూ ఎంతో బాగుందనిపించి రాయి చెక్కేశాను. ఆవిడ కూతురు తీసుకెళ్ళడానికి వచ్చి రాయి మీద చెయ్యి పెట్టి చాలాసేపు చూసింది. "చాలా బాగుందండి, కానీ మా అమ్మ కాదండి ఈవిడ" అంది. అప్పుడు పాత ఫొటో పక్కన పెట్టి చూస్తే, ఆవిడకి రెండు పక్కలా ముక్కుపుడకలు, ఒకటే మిగిలింది. ఎడం కన్ను రెప్ప కొంచెం వాలి ఉండేది, సమానం చేసేసింది. బుగ్గ మీద మచ్చ లేదు. ఆ రాయి పక్కన పెట్టేసి, ఏఐ లేకుండా 4 బై 5లో మళ్ళీ చెక్కి ఇచ్చాను, డబ్బులు తీసుకోలేదు. కొంచెం మసకగా ఉన్న ఆ రెండోదాన్ని చూసి ఆవిడ ఏడ్చింది, అదే అమ్మ అని.

అందుకని ఇప్పుడు ఇలా చేస్తాను. ఒకే ఫొటోని రెండు రకాలుగా పెంచుతాను, ఒకటి గింప్‌లో మామూలుగా స్కేల్ ఇమేజ్‌లో క్యూబిక్ గానీ నోహేలో గానీ పెట్టి, ఇంకోటి ఏఐతో. రెండూ పిక్సెల్స్‌లో ఒకే సైజు ఉండాలి. మామూలుది కింద, ఏఐది పైన లేయర్‌గా పెట్టి, పైదానికి లేయర్ మాస్క్ వేసి, ముఖం మీద, చేతుల మీద మెత్తటి నల్ల బ్రష్ తిప్పితే కిందున్న అసలు ముఖం బయటికొస్తది, బట్టలు, నగలు మాత్రం ఏఐవి మిగులుతాయి. నగలు కూడా ఒకసారి పోల్చి చూసుకోండి, కాసులపేరుని అది మామూలు గొలుసు చేసేస్తది. ఒకేసారి నాలుగు రెట్లు పెంచకుండా రెండు రెట్లతో ఆపితే ఊహలు తక్కువగా ఉంటాయి. అయ్యాక ఫోన్లో కాకుండా కాగితం మీద అసలు సైజులో ప్రింట్ తీసి, ఆ మనిషిని రోజూ చూసినవాళ్ళకి చూపించి ఒప్పించుకోండి. ఆర్డరిచ్చింది అల్లుడైనా కూతురికే చూపించండి.

వెలుగు నీడలు

చెక్కడానికి పిక్సెల్స్ కంటే ఇదే పెద్ద పని. రంగు తీసేసి గ్రే చేసేటప్పుడు ఉన్న తేడాలన్నీ పోతాయి, ఎర్ర చీర, ఆకుపచ్చ జాకెట్టు రెండూ ఒకటే బూడిద రంగయిపోతాయి. గింప్‌లో డీసాచురేట్ పద్ధతులు అన్నీ మార్చి చూసి, ఏ దాంట్లో ముఖం బాగా విడివడుద్దో అది తీసుకోండి.

తర్వాత ఏ పదార్థం మీద చెక్కుతున్నారో దాన్ని బట్టి ఆలోచించాలి. చెక్క మీద లేజర్ తగిలిన చోట నల్లగా అవుద్ది. పాలిష్ చేసిన నల్ల గ్రానైట్ మీద తగిలిన చోట తెల్లగా అవుద్ది. అందుకే రాయికి ఫొటో నెగెటివ్ చెయ్యాలి, లేజర్ మిషన్‌ని నడిపే లైట్‌బర్న్ సాఫ్ట్‌వేర్‌లో నెగెటివ్ ఇమేజ్ అని ఉంటది, అది ఆన్ చేస్తే చాలు. రెండుసార్లు నెగెటివ్ చేసి రాయి పాడుచేసుకున్నవాళ్ళు ఉన్నారు, ఫైల్‌లో చేశారా సాఫ్ట్‌వేర్‌లో చేశారా గుర్తుంచుకోండి.

నల్లరాయి మీద మన మనుషుల ఫొటోలకి ఎప్పుడూ వచ్చే చిక్కు నల్లటి జుట్టు. నూనె రాసి దువ్విన జుట్టు, వెనక నల్ల బ్యాక్‌గ్రౌండు, చెక్కితే తల పైభాగం కనపడదు, నుదురు దగ్గరే ముఖం ఆగిపోద్ది. గింప్‌లో వెలుగు నీడలు సర్దే కర్వ్స్‌లో జుట్టు వెలుగు కొంచెం పైకి లేపండి, దువ్విన వారలు నాలుగు కనపడాలి, తల వెనక పల్చటి వెలుగు వెయ్యండి. తెల్ల పంచె, తెల్ల చొక్కా వేసుకున్న పెద్దాయన అయితే రివర్స్ బాధ, అంతా ఒకటే తెల్ల ముద్ద అయిపోద్ది. తెల్లని 255 (పూర్తి తెలుపు) దాకా పోనివ్వకుండా 230 దగ్గర ఆపితే కండువా మడతలు నిలబడతాయి. అదే చెక్క మీదైతే తెల్ల చొక్కా, తెల్ల జుట్టు ఖాళీ చెక్కలో కలిసిపోతాయి, అంచు వెంట కొద్దిగా బూడిద రంగు ఉంచండి. చెక్కకి ఫొటో మొత్తం మీద ఒక మోతాదు తెల్లగానే ఉంచాలి, కాలిన చుక్క పక్కకి కొంచెం పాకుద్ది కాబట్టి స్క్రీన్ మీద బాగున్నది చెక్క మీద ముదురైపోద్ది.

కళ్ళల్లో చిన్న తెల్ల చుక్క ఉంటది కదా, లైటు పడింది. అది పోతే కళ్ళు గుంటల్లాగ కనపడతాయి. ఫొటోలో ఉండి మసకబారితే వెలుగు పెంచే డాడ్జ్ టూల్‌తో ఒక్కసారి తాకించండి. లేకపోతే లేనట్టే ఉంచండి.

షార్ప్ చివర్లోనే చెయ్యాలి, చెక్కే సైజుకి ఫొటోని తెచ్చాక. నేను అన్‌షార్ప్ మాస్క్ రెండుసార్లు ఇస్తాను, మొదట రేడియస్ 25, అమౌంట్ 0.25, దీంతో ముఖంలో లోతు వస్తది. తర్వాత రేడియస్ 1.5, అమౌంట్ 0.8, ఇది రెప్పలకి, మీసానికి. స్క్రీన్ మీద కొంచెం ఎక్కువైనట్టు అనిపించినా రాయి మీద సరిపోద్ది.

చుక్కలుగా మార్చి చెక్కడం

ఇలా ఫొటో చెక్కేటప్పుడు లేజర్‌కి బూడిద రంగు లేదు, చుక్క పెడుద్ది లేదా పెట్టదు. బూడిదని చుక్కలుగా మార్చడాన్నే డిథరింగ్ అంటారు. లైట్‌బర్న్‌లో జార్విస్, స్టకీ అని ఉంటాయి, ముఖాలకి ఈ రెండింట్లో ఏదో ఒకటి పెట్టండి. బూడిద రంగు ఫైల్‌నే పీఎన్‌జీగా సేవ్ చేసి ఇవ్వండి, చుక్కల పని దాన్నే చెయ్యనివ్వండి. ముందే వేరేచోట చుక్కలు చేసుకుంటే మాత్రం ఇక సైజు మార్చకూడదు, జేపీజీలో సేవ్ చెయ్యకూడదు, షాపులో కుర్రాడికి వాట్సాప్‌లో అసలు పంపకూడదు, చుక్కలన్నీ చెదిరిపోతాయి, పెన్‌డ్రైవ్‌లో ఇవ్వండి.

అదే పదార్థం ముక్క మీద ఒక కన్ను, ముక్కు వచ్చేంత భాగం చెక్కి చూడండి. పనికిరాని గ్రానైట్ ముక్కలు రాళ్ళ షాపులో ఊరికే ఇస్తారు. లైట్‌బర్న్‌లో గీతల మధ్య దూరం మార్చి మార్చి చూసే ఇంటర్వల్ టెస్ట్ ఉంది, కొత్త చెక్క వచ్చినప్పుడల్లా అది ఒకసారి వెయ్యండి. మన దగ్గర వానాకాలంలో ప్లైవుడ్ తేమ పీల్చేసి ఒకచోట లేతగా ఒకచోట ముదురుగా కాలుద్ది, రెండ్రోజులు ఫ్యాను గాలికి ఆరబెట్టి వాడండి. ముక్క మీద ముఖం రెండు రెండుగా నీడ పడ్డట్టు వస్తే ఫొటోని తప్పుపట్టకండి, మిషన్ వెళ్ళే గీతకీ వచ్చే గీతకీ కుదరట్లేదు, బెల్టు బిగింపు, స్కాన్ ఆఫ్‌సెట్ చూసుకోండి. లెన్స్ మీద పొగ పట్టినా ఫొటో మసకగానే వస్తది.

లోగోలు, పేర్లు

స్కూలు లోగో, దేవస్థానం ముద్ర, గృహప్రవేశం కార్డు మీద వినాయకుడు, ఇలాంటివి పెంచడం మీద టైము పెట్టకండి. గీతల బొమ్మలు చేసే ఇంక్‌స్కేప్ సాఫ్ట్‌వేర్‌లో ట్రేస్ బిట్‌మ్యాప్ కొట్టి, వచ్చిన గీతల్ని సరిచేసుకోండి, బొమ్మ మరీ చిన్నదైతే దాన్ని కింద పెట్టుకుని పెన్ టూల్‌తో పైన గీసెయ్యండి, అరగంట పని, తర్వాత గేటంత సైజులో అయినా వాడచ్చు. రైతు సంఘం వాళ్ళు మెమెంటో మీద కాటన్ దొర బొమ్మ అడుగుతారు మన డెల్టాలో, నెట్‌లో మొదట కనపడే వేలెడు బొమ్మ తీసుకోకుండా గూగుల్ లెన్స్‌లో వేసి అదే బొమ్మ పెద్దది ఎక్కడుందో వెతకండి, వికీమీడియా కామన్స్ కూడా చూడండి.

తెలుగు అక్షరాలు మాత్రం ఎప్పుడూ ఫొటోలోంచి తియ్యకండి, పెంచితే వత్తులు ముద్దైపోతాయి, "ద్ధ"కీ "ద్ద"కీ తేడా పోద్ది. కొత్తగా టైప్ చెయ్యండి. మండలి, రామభద్ర, ఎన్టీఆర్ లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా ఉన్నాయి, చిన్న అక్షరాలకి మండలి, పెద్ద పేరుకి రామభద్ర బాగుంటాయి. కొన్ని సాఫ్ట్‌వేర్లలో తెలుగు వత్తులు విడిపోయి పడతాయి, ఇంక్‌స్కేప్‌లో టైప్ చేసి పాత్‌గా (గీతల బొమ్మగా) మార్చి తీసుకెళ్తే ఆ గొడవ ఉండదు. ఇంటిపేరు, తేదీ, ఊరు కస్టమర్ చేత కాగితం మీద రాయించుకుని, టైప్ చేశాక వాళ్ళ చేతే బయటికి చదివించండి.

పని అయ్యాక బాగుచేసిన ఫొటోని, స్కాన్ చేసిన అసలు ఫైల్‌ని రెండూ ఆ ఇంటివాళ్ళకి డాక్యుమెంట్‌గా పంపించండి. ఫైల్ పేరులో ఆ మనిషి పేరు, ఊరు, సంవత్సరం పెట్టండి. సంవత్సరీకానికి ఇంకో ఫ్రేము కావాలని వచ్చినప్పుడు మళ్ళీ స్క్రీన్‌షాట్ పట్టుకురాకుండా ఉంటారు.